మంచిని చూచు కన్ను: ఐదేండ్లలోపు బిడ్డలకు సత్ప్రవర్తన అలవరచుట

పాల్కురికి సోమనాథుడు ద్విపదగా రచించిన బసవపురాణమునందు గొడగూచి యను పసిబాలిక కథ కలదు. ఆమె తండ్రి దినదినమును శివాలయమునకు పాలు కొనిపోయి స్వామికి ఆరగింపు చేయు భక్తుడు. ఒకప్పుడు ఆయన ఊరు విడిచి పోవలసివచ్చి, తాను తిరిగి వచ్చువరకు ఆ సేవ తప్పక జరుపుమని కూతునకు చెప్పిపోయెను. నాయన తీసికొనిపోవు పాలను స్వామి నిజముగానే త్రాగునని ఆ పాప నమ్మకము. పాలు ఎదుట పెట్టి త్రాగుమనెను, స్వామి త్రాగలేదు. బ్రతిమాలెను, ఏడ్చెను, నాయన కోపించునని భయపడెను, తుదకు ప్రాణము విడుచుటకును సిద్ధపడెను. అప్పుడు శివుడు ప్రత్యక్షమై పాలు త్రాగెను. నాటినుండి ప్రతిదినమును అట్లే జరిగెను.

తండ్రి తిరిగివచ్చి పాల సంగతి అడిగెను. స్వామి త్రాగెనని బిడ్డ ఉన్నదున్నట్లు చెప్పెను. తండ్రి నమ్మలేదు. బిడ్డ బొంకుచున్నదని తలచి, తన కన్నులయెదుట త్రాగించి చూపుమని గుడికి తీసికొనిపోయెను. ఆ వేళ స్వామి త్రాగలేదు. తండ్రి ఆగ్రహించి కొట్టబోయెను. బెదిరిన బిడ్డ శివునే శరణు చొచ్చెను. శివుడామెను తనలో చేర్చుకొనెను. తండ్రికి బిడ్డ దక్కలేదు.

ఈ కథను ముగ్ధభక్తి మహిమగా చెప్పుకొనుట పరిపాటి. ఇంట పసిబిడ్డలున్నవారు దీనిని మరియొక విధముగా గూడ చదువదగును. ఆ తండ్రి దుర్మార్గుడు కాడు. నియమము తప్పని భక్తుడు. బిడ్డ అబద్ధమాడరాదనియే చెయ్యెత్తెను. అయినను ఇన్ని దినములు ఆ చిన్నచేతులు చేసిన సేవ ఆయన కంటికి ఆనలేదు. బిడ్డ పలికిన సత్యము చెవికెక్కలేదు. ఆమెయందు లేని తప్పు మాత్రము స్పష్టముగా కనబడినది.

పెద్దలలో తప్పును చూచు కన్ను ఎల్లవేళల మేల్కొనియుండును. మంచిని చూచు కన్నును పూనికతో తెరువవలెను. ఐదేండ్లలోపు బిడ్డలకు సత్ప్రవర్తన అలవడుట యీ రెండవ కంటిపై ఎక్కువగా ఆధారపడియున్నది. ఈ పాఠమున చెప్పబడు విషయమంతయు ఇదియే.

వయసు తీరు తెలియుట

బిడ్డను దిద్దుటకు ముందు ఆ వయసు బిడ్డకు ఏది సాధ్యమో, ఏది కాదో తెలియవలెను. మూడేండ్ల బిడ్డ తన చేతిలోని బొమ్మను అడుగగానే ఈయజాలడు. అది పిసినారితనము కాదు. "నాది" యను భావము అప్పుడే మొలకెత్తినది. ఇచ్చిన వస్తువు తిరిగి వచ్చునను నమ్మకము ఇంకను కుదురలేదు. నాలుగేండ్ల బిడ్డ జరిగినదానిని, జరుగవలెనని కోరినదానిని కలిపి చెప్పును. అది మోసము కాదు. ఊహకును, నిజమునకును నడుమ గీత ఆ వయసున పలుచగా నుండును. కోరినది తక్షణము దొరకనప్పుడు నేలపై పడి పొర్లుటయు ఆ వయసు లక్షణమే. ఆవేశమును అణచుకొనుటకు తోడ్పడు మెదడు ముందుభాగము అప్పటికి ఇంకను ఎదుగుచునేయుండును. అది పూర్తిగా పరిణతి చెందుటకు ఇరువదియేండ్లు దాటునని శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు.

తల్లి వంటయింటినుండి, "చెప్పులు లోపల పెట్టు, కాళ్ళు కడుక్కో, వచ్చి కూర్చో" అని ఒక్క గుక్కలో మూడు పనులు చెప్పును. బిడ్డ చెప్పులు చేతపట్టుకొని నిలిచిపోవును. "ఎన్నిసార్లు చెప్పినా వినవు" అని చీవాట్లు పడును. నిజమునకు ఆ బిడ్డ విననివాడు కాడు. మొదటి మాట చేయునంతలో తక్కిన రెండును మనసునుండి జారిపోయినవి. తల్లి దగ్గరకు వచ్చి, బిడ్డ ఎత్తునకు వంగి, కన్నులలోనికి చూచి, ఒక్క పని చెప్పిన అది జరుగును. పిమ్మట రెండవది చెప్పవచ్చును. పెద్ద గొంతు కంటె దగ్గరి గొంతు పసివారికి బాగుగ వినబడును.

మొక్కై వంగనిది మానై వంగదని సామెత. అయితే మొక్కను వంచువాడు మొదట పాదులో నీరు పోయును, మట్టిని మెత్తపరచును, పిదప ఆధారముగా పుల్ల నాటును. ఒక్కసారిగా వంచిన మొక్క వంగదు, విరుగును.

చూచి నేర్చుకొనుట

ఉదయమున ఇంటి పెద్ద స్నానము చేసి, విభూతి ధరించి, ఇష్టలింగమును కరపీఠమున నుంచుకొని పూజకు కూర్చుండును. కొంతసేపటికి మూడేండ్ల మనుమడు వచ్చి ప్రక్కన చతికిలబడి, నున్నని గులకరాయి యొకటి అరచేత బెట్టుకొని కన్నులు మూసికొనును. ఎవ్వరును నేర్పలేదు. ఆ తాత పూజ ముగించి లేచి, కాఫీ చల్లారినదని కోడలిపై కేకలు వేసినచో దానిని గూడ ఆ మనుమడే చూచును. సాయంకాలము చెల్లెలిపై అదే గొంతుతో కేక వేయును. పసివాడు పూజను వేరుగను, కోపమును వేరుగను ఎంచుకొని నేర్వడు. కనబడిన దానినెల్ల నేర్చును.

ఈ సంగతిని శాస్త్రముగా పరీక్షించినవారు కలరు. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున ఆల్బర్ట్ బాండూరాయు, ఆయన సహచరులును మూడు మొదలు ఆరేండ్లలోపు బిడ్డలు 72 మందితో చేసిన పరిశోధనను 1961లో ప్రకటించిరి. గాలి నింపిన పెద్ద బొమ్మను ఒక పెద్దమనిషి కొట్టి, తన్ని, తిట్టుట కొందరు బిడ్డలకు చూపబడినది. తరువాత ఆ బిడ్డలను అట్టి బొమ్మయున్న గదిలో విడువగా, పలువురు అవే దెబ్బలు కొట్టిరి, అవే మాటలు పలికిరి. అట్టి దృశ్యమును చూడని బిడ్డలలో ఆ విధమైన ప్రవర్తన బహు తక్కువ.

కావున బిడ్డకు మర్యాద నేర్పవలెనన్న ఇంటివారి మాట మొదట మారవలెను. ఎదుటివానిని గౌరవముతో సంబోధించుట సామాన్యవిషయము కాదని బసవేశ్వరుడు తన వచనములలో బోధించెను. పాలుపోయువానిని, చాకలిని, వీధి ఊడ్చు కార్మికురాలిని ఆ యింటివారు "అయ్యా", "అమ్మా" అని పిలిచిన, బిడ్డకు కులభేదము మంచిది కాదని ప్రత్యేకముగా ఉపన్యసింప బనిలేదు. ఆ యింట "ఒరే", "ఒసే" యని పిలుపులు సాగుచుండగా, మఠమునకు వచ్చినప్పుడు మాత్రము బిడ్డచేత "శరణార్థి" చెప్పించినచో అది నోటికి పట్టును గాని నడతకు పట్టదు.

ఫోను మ్రోగినప్పుడు "నాన్న ఇంట్లో లేడని చెప్పు" అని తండ్రి ప్రక్కగదినుండి బిడ్డకు నేర్పుట ఈనాడు సర్వసాధారణము. ఆ ఒక్క మాటతో బిడ్డ రెండు పాఠములు నేర్చును: అవసరమునకు అబద్ధమాడవచ్చును, అబద్ధమాడినవానిని నాన్న మెచ్చుకొనును. పిదప సత్యమునుగూర్చి ఎన్ని కథలు చెప్పిన నేమి?

వలదన్నదానికి బదులు చేయదగినది

దొంగతనము, హింస, అసత్యము, కోపము, ఇతరులయెడ అసహ్యము, ఆత్మస్తుతి, పరనింద యను ఏడింటిని విడుచుటయే అంతరంగ బహిరంగ శుద్ధియని బసవేశ్వరుని బోధ. ఇది పెద్దలకు చెప్పబడినది. పెద్దవాడు వలదన్నదానిని విడిచి, దానికి బదులు ఏమి చేయవలెనో తానే ఊహించుకొనగలడు. పసివాడు ఊహించుకొనలేడు. "పరుగెత్తకు" అన్న మాటలో అతనికి పరుగే వినబడును. "మెల్లగా నడువు" అన్నచో చేయవలసిన పని తెలియును. కావున ఆ యేడు నిషేధములలో ప్రతిదానిని ఒక చిన్న పనిగా మార్చి బిడ్డ చేతికీయవలెను.

1. దొంగతనమునకు బదులు అడిగి తీసికొనుట. పొరుగింటి పెరటిలో జామకాయ కోసికొని వచ్చిన నాలుగేండ్ల పాపకు దొంగయను పేరు పెట్టరాదు. చేయి పట్టుకొని వెనుకకు తీసికొనిపోయి, "అత్తయ్యా, కాయ కోసుకున్నాను, తీసుకోనా?" అని అడిగించవలెను. ఇంటివారు మరునాడు తామును బిడ్డ పలక తీసికొనుటకు ముందు, "నీ పలక ఒకసారి ఇస్తావా?" యని అడుగవలెను.

2. హింసకు బదులు సేవ. కుక్కపిల్లపై రాయి విసరు చేతికి నీటి చిప్ప ఈయవలెను. వేసవిలో పిట్టలకు నీళ్ళు పెట్టుట, దూడకు గడ్డిపరక అందించుట మూడేండ్ల బిడ్డయు చేయగల పనులు. తన చేత మేసిన దూడను కొట్టుటకు బిడ్డకు చేయి రాదు.

3. అసత్యమునకు బదులు, చెప్పిన నిజమును వినుట. ఇది బిడ్డ చేయవలసిన పని కాదు, పెద్దలు చేయవలసినది. గాజు గ్లాసు పగిలినది, ఎవరు పగులగొట్టినదియు తెలియును. అయినను "ఎవరు పగలగొట్టారు?" అని కన్నెఱ్ఱ చేసి అడుగుదురు. బిడ్డ భయపడి "పిల్లి" యనును. ఆ అబద్ధము ఆ ప్రశ్ననుండి పుట్టినది. "గ్లాసు పగిలింది. దూరంగా జరుగు నాన్నా, గుచ్చుకుంటుంది. ఇద్దరం ఊడుద్దాం" అన్నచో అబద్ధమునకు తావే లేదు. బిడ్డ తానై వచ్చి "నేనే పగలగొట్టాను" అన్ననాడు, పగిలిన వస్తువు ఎంత వెలగలదైనను మొదట రావలసిన మాట, "నిజం చెప్పావు, మంచి పని చేశావు" అనునదియే. గొడగూచి తండ్రికి రాని మాట అదియే.

4. కోపమునకు బదులు కోపమునకు పేరు పెట్టుట. "తమ్ముడు బండి లాక్కున్నాడని నీకు కోపం వచ్చింది కదూ" యని తల్లి అన్నచో, తనలో చెలరేగినదేమో బిడ్డకు తెలియును. పేరు తెలిసినదానిని నోటితో చెప్పవచ్చును. పేరు తెలియనిదానిని చేతితో, పండ్లతో చెప్పవలసివచ్చును.

5. అసహ్యమునకు బదులు కలిసి కూర్చుండుట. అంగన్‌వాడీలో ప్రక్కనున్న బిడ్డ బట్టలు మాసియున్నవని దూరముగా కూర్చుండుమని నేర్పుట మహాపరాధము. దాసోహపు పంక్తిలో ఎవరి ప్రక్కన ఎవరు కూర్చుండిరని అడుగరు. అది ఐదేండ్లలోపుననే అలవాటు కావలెను.

6. ఆత్మస్తుతికి బదులు పనిలో తృప్తి. బంధువులు వచ్చినప్పుడెల్ల బిడ్డను నిలువబెట్టి పద్యములు వల్లింపజేసి, "మావాడంతటివాడు లేడు" అనుట మానవలెను. తాను చేసిన పని బాగున్నదని బిడ్డకే తెలియునట్లు చేయవలెను.

7. పరనిందకు బదులు పోలిక మానుట. "అక్కను చూసి నేర్చుకో" యన్న మాట అక్కకు గర్వమును, తమ్మునకు అక్కపై ద్వేషమును నేర్పును. నిన్న చొక్కా బొత్తాము ఒకటి పెట్టుకొన్న బిడ్డ నేడు రెండు పెట్టుకొనిన, అదియే పోల్చదగిన పోలిక.

మెచ్చుకోలు వేరు, లంచము వేరు

మంచిని చూచిన పిదప నోటితో చెప్పవలెను. "మంచివాడివి" అన్న మాట తీపిదే గాని, ఏది మంచియో బిడ్డకు తెలియదు. "నాయనమ్మకు మంచినీళ్ళు తెచ్చి ఇచ్చావు, ఒక్క చుక్క ఒలకలేదు" అన్నచో, రేపు మరల ఏమి చేయవలెనో తెలియును. మెచ్చుకోలు పనిని పేర్కొనవలెను, వెంటనే రావలెను, నిజమై యుండవలెను. చేయని పనికి మెప్పు బిడ్డలు గూడ నమ్మరు.

ఇచ్చట ఒక జాగ్రత్త అవసరము. జగ్గయ్యపేట బౌద్ధస్తూపమునందు దొరకిన మాంధాత చక్రవర్తి శిల్పఫలకము లోకప్రసిద్ధము. అది నేడు చెన్నై ప్రభుత్వ మ్యూజియమునందున్నది. చక్రవర్తి చేయెత్తగా మేఘములనుండి నాణెములు వర్షించుచున్నట్లు దానిపై చెక్కబడినది. బౌద్ధకథలలో ఆ మాంధాత ధనవర్షము పొందియు తనియడు. స్వర్గమునకేగి ఇంద్రుని అర్ధసింహాసనము పొందియు తనియక, మొత్తము తనకే కావలెనని కోరి పతితుడగును. ప్రతి మంచిపనికిని చాక్లెటో, పదిరూపాయలో చేతబెట్టు ఇండ్లలో చిన్న మాంధాతలు తయారగుదురు. మొదట ఒక చాక్లెటునకు అన్నము తినును, పిదప రెండడుగును, తుదకు "ఏమిస్తావు?" అని అడుగక గడప దాటడు.

దీనికిని పరీక్ష జరిగినది. మార్క్ లెప్పర్, డేవిడ్ గ్రీన్, రిచర్డ్ నిస్బెట్ అనువారు 1973లో ప్రకటించిన పరిశోధనలో, రంగు పెన్నులతో బొమ్మలు వేయుటయందు ఇష్టముగల శిశుపాఠశాల బిడ్డలను తీసికొనిరి. కొందరికి, బొమ్మ వేసిన బహుమానపత్రము ఇత్తుమని ముందే ఆశ చూపిరి. కొన్ని దినములైన పిదప గమనింపగా, ఆశ చూపబడిన బిడ్డలు తమంతట తాము బొమ్మలు వేయుట తగ్గిపోయినది. ముందు చెప్పకయే పత్రము పొందిన బిడ్డలలో ఆ తగ్గుదల కానరాలేదు. ఇష్టముతో చేయు పనికి వెల కట్టిన, ఇష్టము వెలగానే మిగులును.

ఫలమును ఆశింపక పనియందే శ్రద్ధ నిలుపుట కాయకమునకు ప్రాణము. దాని బీజము పసితనమున నాటబడును. ఇల్లూడ్చునప్పుడు చిన్న చీపురు, మొక్కలకు నీరు పోయునప్పుడు చిన్న చెంబు బిడ్డ చేతికిచ్చిన అది మొదటి కాయకము. ఈ సంగతిని విద్యావిధానముగా మలచిన మేరియా మాంటిసోరి 1939లో మద్రాసు అడయారునకు వచ్చి, యుద్ధకాలమంతయు ఈ దేశముననేయుండి ఉపాధ్యాయులకు శిక్షణ నిచ్చెను. బిడ్డ చేతికి సరిపోవు పనిముట్లతో, బిడ్డ తన పని తాను చేసికొనుట ఆ విధానమున ముఖ్యము. ఆ మార్గమున వేగె కోటేశ్వరమ్మ 1955లో విజయవాడలో పాఠశాల స్థాపించిరి. 2017లో ఆమెకు పద్మశ్రీ పురస్కారము లభించినది. అయితే చిన్న చెంబునకు పెద్ద పాఠశాల కావలసిన పనిలేదు. నీళ్ళు ఒలికినను సహించు తల్లి యుండిన చాలును.

తప్పు జరిగినప్పుడు

మంచిని చూడవలెననగా తప్పును చూడకూడదని కాదు. రోడ్డుపైకి ఉరుకు బిడ్డను గట్టిగా పట్టుకొనవలెను. కొరికిన బిడ్డను ఆ చోటునుండి తప్పించి, దెబ్బ తిన్న బిడ్డను మొదట ఊరడింపవలెను. ఒలికించిన నీరు ఒలికించినవానిచేతనే తుడిపింపవలెను. వద్దన్న పని ఈనాడు వద్దు, రేపు సరే యనక, ఎల్లప్పుడును వద్దుగానే యుండవలెను. తల్లి కాదన్నదానిని నాయనమ్మ చాటుగా ఇచ్చు ఇంట బిడ్డకు న్యాయము తెలియదు, ఉపాయము తెలియును.

కొట్టుట మాత్రము పనికిరాదు. ఎలిజబెత్ గెర్షాఫ్, ఆండ్రూ గ్రోగన్ కేలర్ అనువారు 2016లో 75 పరిశోధనల ఫలితములను, 1,60,000 మందికి పైబడిన బిడ్డల వివరములను కలిపి పరిశీలించిరి. చేతితో కొట్టబడు బిడ్డలలో మొండితనము, దుడుకుతనము తగ్గినట్లు కానరాలేదు. అవి ఎక్కువగానే కనబడినవి. బిడ్డలను శారీరకముగా దండించుటను, మానసికముగా వేధించుటను విద్యాహక్కు చట్టము పాఠశాలలలో నిషేధించినది. 2009లో వెలువడి 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోనున్న ఆ చట్టము ఆరేండ్లు నిండినవారిని గూర్చినది. బడిలో ఆరేండ్లవానిపై ఎత్తరాని చేయిని ఇంట మూడేండ్లవానిపై ఎత్తుట ఏమి న్యాయము?

కొట్టని ఇండ్లలోను బెదిరింపు కలదు. బూచివాడు పట్టుకొనిపోవుననియు, డాక్టరు సూదిమందు పొడుచుననియు భయపెట్టుదురు. వీటికంటె హానికరమైనది, "సామికి కోపం వస్తుంది, కళ్ళు పోతాయి" అను మాట. ప్రసాదము ముందుగా నోట వేసికొన్న పసివాని కన్నులు తీయు దేవుడు ఎక్కడనున్నాడు? బసవపురాణమునందే బెజ్జమహాదేవి కథ కలదు. శివునకు తల్లి లేదని జాలిపడి, ఆమె తానే తల్లియై ఆయనను పసిబిడ్డవలె సాకెను. బిడ్డగా సాకించుకొన్న దేవునిని బిడ్డలను బెదిరించు కొరడాగా మార్చుట అపచారము. భయముతో మ్రొక్కిన బిడ్డ, భయము తీరిననాడు మ్రొక్కు మానును.

పెనుగంచిప్రోలు తిరునాళ్ళలో బొమ్మకొరకు నేలపై పడి ఏడ్చు బిడ్డను తలచుకొనుడు. చుట్టును జనము చూచుచుందురు. తండ్రికి సిగ్గు, ఆ సిగ్గు కోపమగును. అప్పుడు కొట్టినను, వెంటనే బొమ్మ కొనియిచ్చినను రెండును తప్పే. ఒక ప్రక్కకు తీసికొనిపోయి, గాయపడకుండ చూచుకొనుచు, ఏడుపు తగ్గువరకు మాటలాడక దగ్గర నిలువవలెను. తగ్గిన పిదప మంచినీళ్ళిచ్చి, "ఏడుపు ఆపుకున్నావు, పద, రంగులరాట్నం చూద్దాం" అనవచ్చును. ఆ అణచుకొనుటయే బిడ్డ ఆ దినమున చేసిన గొప్ప పని. దానిని చూచినవారెవరైన నుండవలెను గదా. ఇంటినుండి బయలుదేరునప్పుడే, "ఈరోజు ఒక్క బొమ్మ కొంటాం, నువ్వే ఎంచుకో" అని చెప్పి, చెప్పినట్లు కొనియిచ్చిన ఆ యేడుపు చాలవరకు రాకయే పోవును.

దినచర్య

బిడ్డల అల్లరిలో ఎక్కువ భాగము ఆకలి, నిద్రలేమి, ఆటలేమి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన సూచనల ప్రకారము మూడు, నాలుగేండ్ల బిడ్డలకు పగటి కునుకుతో కలిపి దినమునకు 10 నుండి 13 గంటల నిద్ర, మూడు గంటలకు తగ్గని కదలికయు ఆటయు కావలెను. తెర ముందు కదలక కూర్చుండుట గంటకు మించరాదు; తగ్గినకొలది మేలు. సెల్ ఫోను చూపుచు ముద్ద పెట్టిన బిడ్డకు కడుపు నిండినది తెలియదు, ముద్ద పెట్టిన చేయి ఎవరిదో తెలియదు.

జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతము పూర్వపు కృష్ణా జిల్లాకు మెట్టసీమ. 2022 ఏప్రిల్ 4న ఇది ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరినది. ఇచ్చట పత్తితీతలు, మిరపకోతలు వచ్చిన తల్లి తెల్లవారకముందే పొలమునకు పోవును. సిమెంటు కర్మాగారమున రాత్రి పని చేసివచ్చిన తండ్రి పగలు నిద్రింపవలసియుండును. "ఇల్లు పీకి పందిరేస్తున్నావు" అని ఆ నిద్రలోనుండి లేచి కొట్టిన తండ్రిని నిందించుట సులభము. అతని అలసటయు నిజమే. అట్టి ఇండ్లకు పుస్తకములలోని నియమములన్నియు సాధ్యములు కావు. అయినను రెండు సాధ్యము. ఆ వేళలలో బిడ్డ అంగన్‌వాడీలో నుండునట్లు చూచుట ఒకటి. 1975 అక్టోబరు 2న మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకమున ఏర్పడిన ఆ కేంద్రములలో ఆహారముతోబాటు ఆటపాటల చదువును కలదు. 2020 నాటి జాతీయ విద్యావిధానమును మూడేండ్ల వయసునుండియే పునాది చదువును లెక్కించినది. ఇక రెండవది, తండ్రి లేచిన పిదప పావుగంట బిడ్డతో గడపుట. ఆ పావుగంట ఫోను లేక, తొందర లేక, బిడ్డ చెప్పిన ఆటయే ఆడవలెను. బిడ్డ నాన్నకొరకు తలుపు తట్టుట ఆ పావుగంటవలన తగ్గును.

మఠములు చేయదగినది

శివరాత్రికిని, బసవజయంతికిని మఠములకు వచ్చు కుటుంబములలో చిన్నబిడ్డల తల్లులు సగముసేపు వెలుపలనే నిలుచుందురు. బిడ్డ ఏడ్చినచో పెద్దలు వెనుదిరిగి చూతురను భయము. నాలుగేండ్ల బిడ్డ గంటసేపు ఉపన్యాసము వినుచు కదలక కూర్చుండునని ఆశించుట ఆ వయసు తెలియకపోవుటయే. మఠమున ఒక మూల చాప పరచి, బొమ్మలు, పలకలు ఉంచి, ఒక పెద్దమ్మ కథలు చెప్పునట్లు ఏర్పాటు చేయవచ్చును. దాసోహమున విస్తళ్ళు పరచుట, ఉప్పు వడ్డించుట పసివారికి అప్పగింపవచ్చును. ఉప్పు ఎక్కువ పడిన విస్తరి ముందు కూర్చున్న పెద్దాయన, "చిన్న జంగమయ్య వడ్డించాడు" అని నవ్విన ఆ బిడ్డ దాసోహమను మాటను జీవితాంతము మరువడు.

అభ్యాసము

ఈ పాఠమును చదివిన కుటుంబములు ఏడు దినములు ఒక చిన్న నియమము పాటింపవచ్చును. రాత్రి బిడ్డ నిద్రకు ముందు, ఇంటనున్న ప్రతి పెద్దయు ఆ దినమున బిడ్డ చేసిన మంచి పని యొకటి బిడ్డ వినునట్లు చెప్పవలెను. "పొద్దున పిట్టలకు నీళ్ళు పెట్టావు." "చెల్లి ఏడిస్తే నీ బండి ఇచ్చావు." "పాలు ఒలికాయని నువ్వే వచ్చి చెప్పావు." అంతియే. దానికి ఉపదేశము తగిలింపరాదు. "రేపు కూడా ఇలాగే ఉండాలి" అని బరువు పెట్టరాదు.

మొదటి రాత్రి చెప్పుటకు ఏమియు తోపకపోవచ్చును. బిడ్డ మంచి పని చేయలేదని దాని అర్థము కాదు. చూచిన కన్ను లేదని అర్థము. రెండవ దినమునుండి చూచుట మొదలగును. వారము గడచునప్పటికి బిడ్డయే, "ఇవాళ నేనేం చేశానో చెప్పనా?" యని అడుగును. అప్పుడు నమ్మి వినవలెను. ఆ మాటలో కొంత ఊహ కలిసియుండవచ్చును. స్వామి పాలు త్రాగెనన్నంత వింతగా నుండవచ్చును. అయినను చెయ్యెత్తక, కన్నెఱ్ఱ చేయక, తుదివరకు వినవలెను. గొడగూచి తండ్రి ఆ ఒక్క రాత్రి అట్లు వినియుండిన, బిడ్డ ఆయన ఒడిలోనే యుండెడిది.